గుక్కెడు గాలి

ఫ్రాయ్ బెంతోస్‌లో జూలై చలి. నది మీంచి తడిగాలి.
ఒఫీలియా ఫాల్కన్ పరుగులో బాగానే ఉంటుంది.
ఎర్రదీపం దగ్గరే
అబద్ధపు సాక్షిలా తడబడి, వణికి,
ఆగిపోతుంది.

ముగ్గురు కార్బ్యురేటర్ మరలు తిప్పారు.
ఒకడు బాగున్న ప్లగ్గులు మార్చి డబ్బు తీసుకున్నాడు.

ఎలాడియో మర ముట్టలేదు.
మాతే బుర్ర ఫెండరు మీద పెట్టి
ఇంజను నెత్తిన బొటనవేలంత వాల్వు పీకాడు.
చెవి దగ్గర ఆడించాడు.
గలగలమనాలి.
నూనె మడ్డి పట్టి, మూగది.

"తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుంది.
పొట్టలో పొగ పోవాల్సిందే. కానీ
నిలబడ్డప్పుడు గుక్కెడు చాలు దీనికి.
కడివెడు తాగుతోంది."

కొత్తదాని నోటికి ఆమె వేలు ఆనించాడు.
చంటిబిడ్డలా పీల్చింది.
ఇంజను కాస్త దిగి, కుదురుకుంది.

"దీపాల్లేని దారులే వెతుక్కున్నా
రెండేళ్ళుగా," అంది.
ఆయన పోయింది రెండేళ్ళ కిందటే.
ఎలాడియో చేతులు తుడుచుకున్నాడు.

సాయంత్రం, ఆసుపత్రి మలుపు.
ఎరుపు.
బానెట్ కింద సన్నటి, సమమైన గురక.
పచ్చ పడింది.
వెనక లారీ హారన్ కొడుతోంది.
ఆమె ఇంకా వింటోంది.