మొదటి పోటీలో ఓడేవాడు

డాఫిన్‌లో మాజీ సైనికుల హాలు.
నెలకో శుక్రవారం కుస్తీ.
గంట కొట్టేది నేను.
సుత్తి మా నాన్నది, గంట మూతపడ్డ బడిది.
బయట మైనస్ ముప్పై. లోపల
వేగుతున్న ఉల్లిపాయలు, తడి బూట్ల వాసన,
నూట పదకొండు మడత కుర్చీలు.
లెక్క నాకు తెలుసు, వేసేదీ తీసేదీ నేనే.

పోస్టరు మీద ఓరెస్ట్ బచిన్‌స్కీ పేరు వెతికితే దొరకదు.
అట్టడుగున, టికెట్టు ధరకి కాస్త పైన,
"ఇంకా పలువురు" అని ఉంటుంది చూడండి,
ఆ పలువురిలో ఒకడు.

విన్నిపెగ్ కుర్రాళ్ళకి పొగ, పాట, తళుకుల అంగీ.
ఇతనికి పాట లేదు.
మోకాలి పట్టీ సర్దుకుంటూ వస్తాడు,
తాడెత్తి వంగి దూరతాడు
పశువుల కొట్టంలోకి పాలు పితకడానికి వెళ్తున్నట్టు.
ఎవరో ఒకరు "బస్సు వదిలి వచ్చావా?" అని అరుస్తారు.
నిజమే, వారమంతా బడి బస్సు నడుపుతాడు.

ఇరవై రెండేళ్ళుగా ఓడిపోతున్నాడు.
నన్నడిగితే అదొక పనితనం, వడ్రంగంలా.
వీపంతా ఒకేసారి నేలకి తగలాలి,
గడ్డం గుండెకి అంటుకుని ఉండాలి,
అరచేతులు రెప్పపాటు ముందే చప్పుడు చేయాలి.
ఆ చప్పుడుకే జనం "అబ్బా" అంటారు.
ఆ "అబ్బా" ఎదుటివాడి ఖాతాలో పడుతుంది.
కొత్తవాడి గుద్దు దోమ వాలినట్టున్నా
ఇతను మాత్రం ధాన్యం లారీ గుద్దినట్టు ఎగిరి పడతాడు.

నాకు ఇలాంటివాళ్ళే ఇష్టం.
మార్గ్ డెలోర్మ్ ఉండేది, చేపల చెరువు వైపు మనిషి,
జుట్టు పట్టి ఈడిస్తే ఆమె పెట్టే కేక
వంటింట్లో ఉల్లిపాయలు తిప్పే చేతిని ఆపేసేది.
మోకాలు పోయి మానేసింది.
ఆ సంగతి ఎవరూ ప్రకటించలేదు.
తర్వాతి నెల "పలువురు"లో ఒకరు తగ్గారు, అంతే.

పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదంటారు.
ఏమో, ఓరెస్ట్ నా టార్చిలైటు తీసుకుని
మూడేళ్ళయింది, తిరిగివ్వలేదు.

ఫిబ్రవరిలో ఏం జరిగిందంటే,
కోల్టన్ రీమర్ పై తాడెక్కాడు.
బూట్ల అడుగున ఇంకా మంచు.
జారాడు. తల కిందికి.
కథ ప్రకారం ఓరెస్ట్ అప్పుడు స్పృహ లేకుండా పడి ఉన్నాడు.
స్పృహ లేని మనిషి దొర్లాడు,
కుర్రాడి తల కిందికి తన భుజం తోశాడు.
వచ్చిన చప్పుడు అరచేతులది కాదు.
తేడా నాకు తెలుసు.

జనం పగలబడి నవ్వారు.
"తప్పుకోవడం కూడా రాదు ముసలోడికి!"
ఓరెస్ట్ పెదాలు కదిలాయి:
"నా మీద పడుకో. లెక్క పెట్టించుకో."
ఒకటి, రెండు, మూడు.
గంట కొట్టాను.
ఎన్నడూ లేంది, సుత్తి చేతిలో వణికింది.
పాట మొదలైంది, కోల్టన్‌ది.

తర్వాత వంటింట్లో
భుజం మీద గడ్డకట్టిన బఠాణీల సంచీ పెట్టుకుని
ఎడమచేత్తో పెరోగీలు తింటున్నాడు.
పక్కన కవరులో నలభై డాలర్లు.
"చూశాను" అన్నాను.
"ఏం చూశావు?"
కాసేపు ఆలోచించాను.
"ఏం లేదు."
"అదీ" అని మీగడ గిన్నె ఇటు జరపమన్నాడు.

సోమవారం మా మూల మలుపులో బస్సు ఆగింది.
తలుపు మీట కుడివైపు. ఎడమచేత్తో
ఒళ్ళంతా తిప్పి లాగాడు.
పిల్లలు ఎక్కారు. నా కూతురు వెనకసీటుకి పరిగెత్తింది.

మార్చి పోస్టర్లు వచ్చాయి.
బేకరీ అద్దానికి అంటించడానికి
ఈసారి ఇంటినుంచి స్టూలు తీసుకెళ్ళాను.
అట్టడుగు వరస సరిగ్గా
నడిచేవాళ్ళ కళ్ళకెదురుగా వచ్చేలా పైకి జరిపాను.
విజేత తల సగం గుడారపు గుడ్డ వెనక్కి పోయింది.
బేకరీ ఆవిడ బయటికొచ్చి చూసి
"మరీ ఎత్తయింది" అంది.
అవును, అన్నాను. ఇంకాస్త టేపు ఉందా?