రెండు గుక్కలు

మా కంచిలి సంఘంలో
ప్రార్థనంటే ముందు నన్నే లేపేవారు.
మైకు పుచ్చుకున్నానంటే
"మహోన్నతుడవైన" దగ్గర మొదలుపెట్టి
కలెక్టరునీ, కరువునీ, కొబ్బరి తెగులునీ చుట్టొచ్చి
ఆమెన్ దగ్గరికి చేరేసరికి
వెనక వరసలో పిల్లలు నిద్రపోయేవారు,
డేగిసాలో పలావు చల్లారేది.
"ఏం ప్రార్థన చేశారండీ!" అనేవారు.
ఆ మాట కోసం
గుమ్మం దగ్గర చెప్పులు నెమ్మదిగా వెతుక్కునేవాణ్ణి.

ఇప్పుడు సోమవారం, గురువారం
సోంపేట ఆసుపత్రిలో నాలుగో నంబరు మంచం నాది.
ఎడమ చేతికి రెండు సూదులు.
నా రక్తం నన్ను విడిచి
గొట్టంలో ఓ చుట్టు తిరిగి
కడిగించుకుని వస్తుంది.
నాలుగు గంటలు.
మొదటి రోజు కళ్ళు మూసుకుని
"మహోన్నతుడవైన" అన్నాను.
ఆ తర్వాత మాట రాలేదు.
వినేవాళ్ళు లేకపోతే
నాకు ప్రార్థన రాదని
యాభై ఎనిమిదేళ్ళకి తెలిసింది.

ఐదో నంబరు మంచం దీవెనమ్మది.
పలాసలో జీడిపిక్కలు ఒలిచిన మనిషి.
జీడిసొన తిన్న వేళ్ళు.
గీతలు చెరిగిపోయి
ఏ ఆఫీసు మిషనూ ఆమె వేలిముద్ర గుర్తుపట్టదట.
"ఆయన గుర్తుపడతాడ్లే బాబూ" అని నవ్వుతుంది.
సూది గుచ్చుతుంటే పెదాలు కదుపుతుంది.
ఏమంటుందో వినాలని
ఓ రోజు దిండు అటు జరుపుకున్నాను.

"పెబువా,
ఆరో నెంబరు గుంటడికి దాహమేస్తంది.
డాకటరమ్మ నీల్లు కొలిసి తాగమంది.
ఆడికి రెండు గుక్కలు ఎక్కువ కావాలట.
దాహమంటే నీకు సెప్పాలా."

అంతే. ఆమెన్ కూడా అనలేదు.
కాసేపు ఊరుకుంది,
ఇక అవతలి మనిషి వంతు అన్నట్టు.

"మీ కోసం ఏమీ అడగరా?" అన్నాను.
"అడుగుతాను. అడిగీసి మర్సిపోతాను.
ఆల్లని మర్సిపోకూడదని
ఏలికొకల్లని కట్టుకున్నాను."
బొటనవేలు చూపించింది.
"ఇది నర్సమ్మ. మొగుడు తాగొస్తాడు.
ఇది ఆటో గురువులు, కిస్తీ కట్టాల.
ఈ సిటికినేలు నువ్వే.
ఏటో, నోరు కుట్టీసినట్టుంటావు గదా,
బెంగెట్టుకున్నాను."

నేను దేశాల కోసం ప్రార్థించినవాణ్ణి.
మా పక్కింటి కూరగాయల మనిషి
కూతురి పేరు నాకు తెలీదు.

ఆ రాత్రి మోకాళ్ళూనలేక
కుర్చీలో కూర్చుని
ఆరో నంబరు కుర్రాడి పేరు చెప్పాను: నీలకంఠం.
తర్వాతేం చెప్పాలో తెలీక
గోడ గడియారం విన్నాను. నిద్రపట్టేసింది.
మర్నాడూ అదే. ఆ మర్నాడూ.
ఏ పదో రోజుకో
పేరు తర్వాత ఓ మాట వచ్చింది.
ఆదివారం మైకిచ్చారు.
రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను.
"పాపం, ఒంట్లో బాగులేదు" అనుకున్నారు.

వానల్లో ఓ గురువారం
ఆరో నంబరు మంచం మీద దుప్పటి కొత్తది,
మడత విప్పలేదు.
దీవెనమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.
పెదాలు కదల్లేదు.
రెండు గంటలయ్యాక అంది:
"కోపమొచ్చింది బాబూ."
"ఎవరి మీద?"
"ఇంకెవుల మీద. ఆయనకే సెప్పీసినాను.
ఇనుకున్నాడు. ఏటీ అనలేదు."
మిషను కూడా కాసేపు
మెల్లగా తిరుగుతున్నట్టనిపించింది.

మళ్ళీ సోమవారం
ఆ మంచం మీద కవిటి నుంచి ఎవరో.
నర్సమ్మ చేతిలో సూది చూస్తూ
గుటకలు మింగుతున్నాడు.
దీవెనమ్మ ఎక్కిన బస్సు ఇంకా రాలేదు.
చేయి కదపకూడదు, లేచి కూర్చోకూడదు.
మెడ ఒక్కటే తిప్పి
"పేరేటి బాబూ?" అన్నాను.