పద్నాలుగో వరుస

రీగాలో, దౌగవ నది గడ్డకట్టిన నెలలో
నాకీ పరీక్ష యంత్రాన్ని అప్పగించారు.
బూడిదరంగు పెట్టె, ఆకుపచ్చ అంకెలు,
లోపల నలభై గడుల జ్ఞాపకం,
దాన్ని బతికించే బిళ్లంత బ్యాటరీ.

రైలు సిగ్నళ్ల రిలేలు మా పని.
ఒక్కోటీ బల్లమీదికి వస్తుంది,
ఏడు నొక్కుతాను.
ఏడో గడిలో ఇరవై రెండు వరుసలు,
ఎవరో ఎప్పుడో చెప్పి వెళ్లిన మాటలు:
పెట్టు. పెంచు. ఆగు. చదువు.
తేడా ఉంటే కూయి.
ఒక్క చోటా ‘అండీ’ లేదు,
యంత్రం ఏనాడూ నొచ్చుకోలేదు.

ఆగడాలన్నీ అర సెకను లోపే.
పద్నాలుగో వరుసలో మాత్రం
ఆగు, పదకొండు సెకన్లు.
ఆ తర్వాతే తీగ మార్చమని కూత.

పదకొండంటే తక్కువేం కాదు.
తెరమీద చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంటుంది,
గుమ్మంలో చెప్పులు విప్పి
లోపలికి పిలుస్తారేమోనని చూసే చుట్టంలా
స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడతాను.

కాయిల్ వేడెక్కాలేమో, అన్నాడు ఐనార్స్.
కొలిచాం. ఈగ వాలినంత తేడా కూడా లేదు.
కెపాసిటర్ ఖాళీ అవ్వాలేమో. అదీ కాదు.
పాత నోటుపుస్తకంలో ఆ పేజీకి
టీ మరక ఉంది, కారణం లేదు.

రోజుకు రెండు వందల రిలేలు.
ముప్పై ఆరు నిమిషాల చిల్లర అని
కాగితంమీద గుణించి చూపించాడు.
చెరిపేశాను.
ఏమీ కాలేదు.
మంచివి మంచివిగానే తేలాయి, చెడ్డవి చెడ్డవిగానే.

అయినా ఉండబట్టలేక
లియెపాయలో ఉన్న స్కైద్రీతెకి ఫోన్ చేశాను.
ఆవిడకి ఒక చెవే వినిపిస్తుంది.
రెండోసారి అరిచి చెబితే నవ్వింది.

"తొంభై మూడు చలికాలం.
బాయిలర్‌కి బొగ్గు లేదు, మాకు జీతం లేదు.
వేళ్లు కొంకర్లు పోతే స్క్రూ తిప్పేదెలా?
చంకల్లో పెట్టుకుని లెక్కపెట్టాను.
పదకొండుకి మాట విన్నాయి. అదే రాశాను."

తర్వాత వేసవి వచ్చింది కదా, అన్నాను.

"రాకేం? కానీ ఆ పెట్టెలో ఒక్కటి మార్చాలంటే
ఇరవై రెండూ మళ్లీ మొదట్నించి కొట్టాలి.
ఎవరు కొడతారు నాయనా!"

ఆ సాయంత్రం నేను కొట్టాను.
ఒక్కో మీటా నొక్కి, రెండుసార్లు తప్పి,
పాతదాన్ని ముప్పై తొమ్మిదో గడిలో పెట్టాను.
ఐనార్స్ చూశాడు. అడగలేదు.

నిన్న వేడినీళ్ల పైపు పగిలింది.
హాల్లో మా ఊపిర్లు మాకే కనిపిస్తున్నాయి.
ఐనార్స్ టోపీ తియ్యకుండానే లెక్కలు రాస్తున్నాడు.
ముప్పై తొమ్మిది నొక్కాను.
పెట్టు. పెంచు. చదువు.
చుక్క వెలిగింది, ఆరింది.
చేతులు చంకల్లో దూర్చాను.
తొమ్మిది. పది.
పదకొండు. కూసింది, తీగ మార్చమని.

నా వేళ్లకి ఇంకొక్కటి కావాలి.