తడి లెక్క

అంబత్తూరు లాండ్రీలో రాత్రి షిఫ్టు.
ఆస్పత్రి దుప్పట్లు ఆవిరి కోసం గుట్టగా పడున్నాయి.
బయట కార్తీకపు ముసురు.

ఎండుదే సామీ, అని లారీవాడు ఒట్టేశాడు.
మునెయ్య తన మూడువేళ్ళ పిడికిట్లో
సరుగుడు ముక్కలు ఇన్ని పట్టి, నొక్కి, విప్పాడు.
అరచెయ్యి మెరిసింది.
"తిప్పుకోని పో నాయినా."

నేనైతే దించుకునేవాణ్ణి.
పోయినేడాది దించుకున్నాను కూడా.
తెల్లవార్లూ పొయ్యి మండలేదు, ఏడ్చింది.
పొగగొట్టం లోపల తారు
బెల్లప్పాకంలా జారి గడ్డకట్టింది.
గీకడానికి మూడు రోజులు,
నా గోళ్ళు తెల్లబడ్డానికి మూడు నెలలు.

బూడిద పెట్టె లాగుతూ సణుగుతాడు:
ఇది నిండేదాకా కూచుంటే
నిప్పుకు ఊపిరెట్టా ఆడేది?
తొట్టిలో ముక్కలు పైన వంతెన కట్టుకుంటాయి,
కింద అంతా డొల్ల.
అద్దంలోంచి చూస్తే నిండుగానే ఉంటుంది.
చూడమాక, విను.

వింటున్నాను.
అతను గోనెసంచి మీద కునుకు తీస్తున్నాడు.
స్క్రూ చప్పుడు మారింది,
గొంతులో మెతుకు అడ్డంపడ్డట్టు.
పొడవాటి కర్ర తీసుకుని
తొట్టి మూత మీద చెయ్యి వేశాను.

"ముందు స్విచ్చి ఆపు"

కళ్ళు తెరవలేదు.
ఆ మూడు వేళ్ళూ
పైకెత్తాడంతే.