నూనె మేలుకొనేదాకా

కుహ్మో దాటాక తొమ్మిది కిలోమీటర్లు. ఆపైన దారి లేదు,
మంచులో ట్రాక్టరు గీసిన రెండు చారలే.
వ్యాన్‌లో థర్మామీటరు మైనస్ ఇరవై రెండు అంటోంది.
ఈవెర్త్ మెట్ల మీదే నిలబడి ఉన్నాడు,
చంకలో కట్టెల మోపు.
"సాయంత్రానికి వేడి వస్తుందిగా?"
రౌహా జవాబు చెప్పలేదు.
బోర్డు ఎక్కడుందని అడిగింది.

ఆమె పద్ధతి నాకు కంఠతా వచ్చు, ఇది నా రెండో శీతాకాలం.
మెయిన్ దించుతుంది. ఎర్ర తాళం వేస్తుంది.
చెవి తాడుకి కట్టి మెడలో వేసుకుంటుంది,
మొగుడడిగినా ఇవ్వదు.
టెస్టరును ముందు తన సంచిలోని చిన్న పెట్టె మీద పెట్టి చూస్తుంది,
తర్వాత చచ్చిన తీగ మీద,
మళ్ళీ పెట్టె మీద.
"లేదు అని చెప్పే సాక్షిని
రెండుసార్లు తనిఖీ చెయ్యాలి" అంటుంది.

బయట, కాళ్ళెత్తి మంచుకి పైన నిలబెట్టిన యంత్రం.
చేతి తొడుగులు తీస్తే రెండు నిమిషాలే వేళ్ళు నావి.
గోధుమ, నలుపు, బూడిద, నీలం.
ఆకుపచ్చ-పసుపు తీగను మాత్రం
అన్నిటికన్నా పొడుగ్గా వదిలించింది.
"ఎవడో కేబుల్ పట్టి లాగాడనుకో,
అన్నీ ఊడినా చివరిదాకా ఉండాల్సింది ఇది."

ఒక్క పోగు బయట మిగిలిందని మొత్తం విప్పించింది.
స్క్రూడ్రైవరు టక్కుమన్నాక
ఇంకో పావు తిప్పు తిప్పానని చేతి మీద ఒక్కటిచ్చింది.
"ప్రేమ ఎక్కువైనా రాగి నలుగుతుంది."
తర్వాత ఒక్కో తీగనీ పట్టి లాగి చూసింది,
పిల్లాడి పాలపన్ను కదులుతోందా అన్నట్టు.
మెగ్గర్ అంకెలు పెన్సిల్‌తో రాసుకుంది,
మైనస్‌లో పెన్ను రాయదు.
ఫేజుల వరస చూసింది. గొట్టాల్లో గాలి వదిలింది,
రేడియేటర్లు ముక్కు చీదినట్టు చీదాయి.

ఆరూ నలభైకి తాళం తీసి మెయిన్ ఎత్తింది.
ఓ పచ్చ దీపం.
"ఊఁ, ఇక నడిపించు" అన్నాడు ఈవెర్త్.
"నడిపించను."

చలికి గ్యాసు పోయి నూనెలో తలదాచుకుని ఉంటుంది,
ఇప్పుడు లేపితే రెండూ కలిసి పాలలా పొంగుతాయి,
నూనె పైకి పోతుంది, లోపల ఇనుము
ఇనుమునే నములుతుంది.
కంప్రెసర్ నడుముకి చుట్టిన పట్టీ ఒకటి ఉంది,
అది పన్నెండు గంటలు మెల్లగా కాచాలి.
ఈలోగా ఎవరూ మెయిన్ దించకూడదు.

ముసలాయన మొహం గంటుపెట్టుకున్నాడు.
నలభై ఒక్క చలికాలాలు కట్టెలు కొట్టిన మనిషి
వండిందాకా ఉండి, ఆరిందాకా ఆగలేకపోతున్నాడు.
చేపల పులుసు మాత్రం గిన్నెల నిండా పోశాడు.
బల్ల మీద పడుకున్నాను. రాత్రి ఎన్నిసార్లు మెలకువొచ్చినా
పొయ్యి ముందు అతని వీపు కనబడింది,
ఒక్కో దుంగా చేతిలో తిప్పి చూసి
లోపలికి పంపుతూ.

పొద్దున ఏడైంది. ఇంకా చీకటే.
"టైమైంది" అంది రౌహా.
"కాఫీ తాగాక" అన్నాడతను.
రెండో కప్పు కూడా పోశాడు.
పొయ్యిలో నిప్పు కన్ను మూసుకునేదాకా
ఆమె తొందరపెట్టలేదు.

తర్వాత నన్నే నొక్కమంది.
ముందు నీళ్ళు కదిలాయి, తర్వాత ఫ్యాను,
ఆ తర్వాత ఎక్కడో అడుగున సన్నని హుంకారం.
గులకరాళ్ళ చప్పుడు లేదు. ఆంపియర్లు పెట్టె మీద రాసినంతే.
రౌహా భుజాలు ఒక్క అంగుళం దిగాయి.

గంటకి యంత్రం చుట్టూ తెల్లగా ఆవిరి లేచింది,
తన ఒంటి మంచు తానే కరిగించుకుంటోంది.
ఈవెర్త్ బకెట్ నిండా మంచు ఎత్తుకుని పరుగున వచ్చాడు,
కాలిపోతోందని.
చెబితే అర్థమైంది. అయినా బకెట్ దించలేదు,
ఆవిరి ఆగేదాకా అలాగే నిలబడ్డాడు.

కాగితం మీద "ప్రారంభించిన సమయం" అన్న గడిలో
రౌహా నిన్న సాయంత్రం
ఆరూ నలభై అని రాసింది.