ఏడో బెంచీ

పెదనందిపాడు రోడ్డులో, షేడ్‌నెట్ కింద,
మిరపనారు ట్రేల పక్కన
ముక్కాలిపీట మీద నా పెట్టె.
క్యారేజీ గిన్నెంత ఉంటుంది.
స్కూటర్ బ్యాటరీతో వేడెక్కి
అరవై అయిదు దగ్గర ఆగుతుంది.

"ఏం ఉడుకుతుందమ్మా ఇందులో?" యోహాను అడిగాడు.
మూడెకరాల కౌలు. బయట బాడుగ ట్రాక్టరు.
జేబులో రబ్బరుబ్యాండు చుట్టిన నోట్లు.
జవాబు ఉడుకుతోంది, అన్నాను.
నవ్వలేదు.

గోరంత లేతాకు గిల్లి, చుక్క ద్రావణంలో నలిపి,
సూదిమొనంత రసం గొట్టంలో వేశాను.
ఆ వైరసు జన్యువులో నాలుగు ముక్కలు
ఈ గొట్టానికి కంఠతా వచ్చు.
అవి వినపడకపోతే గులాబీ రంగు గులాబీగానే ఉంటుంది.
వినపడితే పసుపు.

చెప్పడానికి నాకే నోరు రాదు.
మాది దుగ్గిరాల.
యార్డు గాలికి మా నోటుపుస్తకాల అంచులు కూడా రంగు తిరిగేవి.
గడపకి అదే, కాళ్లకి అదే,
మోకాలు చెక్కుకుపోతే ముందు అదే.
అమ్మ చేత్తో రాసిన రంగుని
రోగమని చదవడం
ఈ ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను.

నలభై నిమిషాలు.
నర్సరీ వీరరాఘవమ్మ టీ పంపింది, తను రాలేదు.
ఒక్క ఆకు ముడుచుకోలేదు, ఒక్క ఈనె వంకర పోలేదు.
యోహాను నారు మీద అరచెయ్యి ఆడిస్తున్నాడు,
సంతలో దూడని తడిమి చూసినట్టు.
"పోయినేడూ ఇంత బాగానే ఉందమ్మా.
నలభయ్యో రోజుకి ఆకులన్నీ దోసిళ్లు పట్టినయి.
ఏం పోసినా నిండలేదు."

పెట్టె కూసింది.
ఉత్తనీళ్ల గొట్టం గులాబీ. అది అట్లానే ఉండాలి.
మూడో బెంచీ గులాబీ. అయిదు, గులాబీ.
ఏడోది
గుడ్డుసొన.

ఆకూ పచ్చగానే ఉంది, గొట్టమూ పచ్చగానే ఉంది.
మనకి రెంటికీ ఒకటే మాట.
పచ్చగా ఉండమని దీవిస్తామే, ఆ మాటే.

ఇప్పుడొచ్చింది వీరరాఘవమ్మ.
చెంగుతో చెయ్యి తుడుచుకుని, గొట్టం ఎండకేసి పట్టి,
చాలాసేపు చూసింది.
"కంటికి కనపడందానికి ఇన్ని వేల మొక్కలు పీకమంటావా?"
నేను ఏమీ అనలేదు.
"మళ్లీ చెయ్యి."

మళ్లీ గిల్లాను. మళ్లీ నలభై.
యోహాను వెళ్లి ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్నాడు,
నోట్లు తీసి, లెక్కపెట్టి, మళ్లీ రబ్బరుబ్యాండు చుట్టాడు.
నూకగింజంత తెల్లదోమ ఒకటి
నా మణికట్టు మీద వాలింది.
ఏ బెంచీ నుంచి వచ్చిందో అడగలేదు.
పెట్టె ఇంకా కూయలేదు.