జూన్ ఒకటి

తొమ్మిదిన్నరకి అన్నారు.
ఎనిమిదికే వచ్చి స్టాఫ్ రూం తాళం తీశాను.
కొరుక్కుపేటలో మే నెల పొద్దున
ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు.
గోడవతల గూడ్సు బండొకటి
వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడి ఉంది.

పలాస నించి వచ్చి ఆరేళ్ళు.
ఇప్పటికీ పాలవాడి లెక్క తెలుగులో కూడి
తమిళంలో చెప్తాను, మధ్యలో ఒక రూపాయి జారిపోతుంది.
"మీది తమిళమూ కాదు, మాది తెలుగూ కాదు టీచర్,
లెక్కలొక్కటే మనకి పొత్తు."
అన్నది దేవసహాయం.
ఆ పొత్తులో వాడి వాటా ప్రీఫైనల్లో పంతొమ్మిది.

పదకొండు మంది.
పదకొండు నంబర్లు పాత క్యాలెండరు వెనక రాసుకున్నాను.
ఎస్తేరు రాణి వాళ్ళమ్మ
రాత్రంతా రోడ్డు ఊడ్చి, డ్యూటీ దిగి
చీపురుతో సహా వచ్చి మెట్టు మీద కూర్చుంది.
లోపలికి రమ్మంటే, కాళ్ళు బాగాలేవు, మట్టి అంది.
టీ తెప్పించాను.
ఇద్దరివీ చల్లారిపోయాయి.

తొమ్మిదీ ముప్పై ఒకటికి వెబ్‌సైటు తెరుచుకుంది,
వెంటనే కళ్ళు మూసుకుంది.
మళ్ళీ. మళ్ళీ.
నంబరడిగింది. పుట్టిన తేదీ అడిగింది.
వంకరటింకర అక్షరాలు చూపించి
యంత్రానివి కాదని నిరూపించుకోమంది.
డిసెంబరు నించీ రోజూ పొద్దున ఏడింటికి
సైన్ తీటా, కాస్ తీటా అంటూ
నేను అదే కదా.

పుట్టిన తేదీల సంగతి చెప్పాలి.
ఆరో తరగతిలో చేరినప్పుడు అయిదుగురికి కాగితాల్లేవు.
"వానాకాలం."
"పెద్దాడి తర్వాత రెండేళ్ళకి."
"మా ఆయన మేడ మీంచి పడ్డ ఏడు."
ఫారం వానాకాలాన్ని ఒప్పుకోదు.
అయిదుగురికీ జూన్ ఒకటి ఇచ్చాను,
బడి పుట్టినరోజులా ఉంటుందని.
ఏటా ఒకటే కేకు, దాని మీద అయిదు పేర్లు,
చోటు చాలక ముద్దక్షరాలు.

ఎస్తేరు రాణి, మూడువందల డెబ్బై రెండు.
మెట్టు మీద ఆవిడ "పాసా?" అంది.
పాసే అన్నాను.
"అయితే ఇంక పడుకుంటా" అని
చీపురు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

యేసుపాదం పాసు. వరదమ్మ పాసు.
ముత్తమ్మ లెక్కల్లో పోయింది, ముప్పై ఒకటి.
ఆ నాలుగు మార్కులూ ఎక్కడ పడిపోయాయో నాకు తెలుసు.
వృత్తాల పాఠం వారం నాకు జ్వరం.

దేవసహాయం.
నంబరు కొట్టాను, జూన్ ఒకటి కొట్టాను.
వివరాలు లేవంది.
నెమ్మదిగా, ఒక్కో అంకే చూసుకుంటూ మళ్ళీ కొట్టాను.
అలాంటి పిల్లాడే లేడంది.

వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే కాశిమేడు చేపల అరుపులు.
"తేదీ మార్పించాను కదమ్మా, మీరు లీవులో ఉన్నప్పుడు.
స్టాన్లీ ఆస్పత్రి చీటీ దొరికింది, బియ్యం డబ్బా అడుగున.
నవంబరు ఇరవై ఏడు.
తుపాను. మోకాలెత్తు నీళ్ళు. ఆటోవాడు రానంటే
చేపల బండి మీదే తోసుకుపోయారు నన్ను."

నవంబరు ఇరవై ఏడు.
చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది.
లెక్కలు ముప్పై అయిదు.
గీత మీద, సరిగ్గా గీత మీద నిలబడ్డాడు వెధవ.

చెప్పాను.
అవతల ఎవరో వంజరం బేరమాడుతున్నారు.
"ముప్పై అయిదా" అంది, ఎక్కువో తక్కువో తెలియక,
"సరే, పట్టుకుపో" అంది.
నాతోనో, బేరంతోనో.

గూడ్సు ఎప్పుడు కదిలిందో, పట్టాలు ఖాళీ.
రిజిస్టరు తీసి
వాడి పేరు పక్కన జూన్ ఒకటి కొట్టేశాను.
ఇంకా నాలుగు ఉన్నాయి.
అందులో ఒకటి ముత్తమ్మది.

ఎండెక్కకముందే వాళ్ళింటికి వెళ్ళాలి.
ముప్పై ఒకటి సంగతి ఎత్తేముందు
వాళ్ళమ్మని అడగాలి,
ఇది పుట్టిన రోజు
వానా, ఎండా అని.